గరిఫునాల పండగ, గరిఫునాల నేల

(మన వేదిక చలనచిత్ర సాయంకాలంలో, చిత్ర ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును మార్చలేదు. - సం.)



ఈ కార్యక్రమం ప్రకటన వెళ్ళాక నాకు మూడు ఫోన్లు వచ్చాయి. ఒకాయన "గరిఫునా అంటే ఆఫ్రికాలో ఏదన్నా దేశమా అండీ?" అని అడిగారు. రెండో ఆయన నాకు బాగా కావలసినవాడే. "ఏంటి బావా, మన గోల మనకి చాలడం లేదా, మళ్ళీ కరీబియన్ వాళ్ళ గోల ఎందుకు మనకి?" అన్నాడు. మూడో ఫోను ఇక్కడి వంటగదిలోంచి మా ఆవిడ చేసింది. టీకి పాలు చాలవట. మూడో దానికి జవాబు చెప్పేశాను, పాలు వచ్చాయి. మొదటి రెండింటికి ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఇరవై నిమిషాలు తీసుకుంటాను, ఆ తర్వాత సినిమా.

నేను బ్రాంక్స్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో చాలా ఏళ్ళుగా పని చేస్తున్నానని మీలో చాలామందికి తెలుసు. రాత్రి షిఫ్టులో నాతో ఒకావిడ పని చేసేది. హోండురాస్ నుంచి వచ్చింది. స్పానిష్ మాట్లాడుతుంది కాబట్టి స్పానిష్ మనిషే అనుకున్నాను, మనిషిని చూస్తే నల్లజాతి మనిషి కాబట్టి ఆ లెక్కలో కూడా వేసుకున్నాను. రెండు డబ్బాలున్నాయి, ఆవిడను రెండిట్లోనూ పెట్టేసి ఊరుకున్నాను. ఒక రాత్రి రక్తం ట్యూబులు లెక్కపెడుతూ పెదాల్లో ఏదో గొణుక్కుంటోంది. అబన్, బియామా, ఊరువా, గాదురు, సెంగు, సిసి... ఇది స్పానిష్ కాదే అన్నాను. "కాదు, మా అమ్మ భాష" అంది. "మరి నువ్వు ఏ భాషలో లెక్కపెట్టుకుంటావు?" అని నన్ను అడిగింది. తెలుగులో అని గబుక్కున అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, నేను ఇంగ్లీషులోనే లెక్కపెడతానని. మా ఇంటి ఫోను నంబరు కూడా తెలుగులో చెప్పమంటే తడుముకుంటాను. ఇక్కడ చేతులెత్తమంటే ఎంతమంది ఎత్తుతారో చూడాలని ఉంది గానీ, వద్దులెండి.

ఆ లెక్కలో ఒక పెద్ద చరిత్ర దాగి ఉందని తర్వాత తెలిసింది. ఒకటి, రెండు, మూడు వాళ్ళ సొంత మాటలు. నాలుగు నుంచి అన్నీ ఫ్రెంచి మాటలు, గరిఫునా నోట్లో పడి అరిగినవి. భాష పుట్టుకలో అరావాక్ కుటుంబానిది, అంటే దక్షిణ అమెరికా ఆదివాసుల భాష. అందులో కరీబ్ మాటలు బోలెడు. ఒకప్పుడు మగవాళ్ళు కొన్ని సంగతులకు కరీబ్ మాట వాడితే ఆడవాళ్ళు అరావాక్ మాట వాడేవారు. 'నేను' అనడానికే మగవాళ్ళకు ఒక మాట, ఆడవాళ్ళకు ఇంకో మాట. మాట్లాడే మనుషులేమో ఆఫ్రికా సంతతి. ఇన్ని నదులు వచ్చి కలిసిన చోటు ఒక చిన్న దీవి. దాన్ని లోకం సెయింట్ విన్సెంట్ అంటుంది, వాళ్ళు యూరుమెయిన్ అంటారు.

కథ క్లుప్తంగా చెబుతాను. పదిహేడో శతాబ్దంలో ఆ దీవికి బానిస ఓడలు బద్దలై కొట్టుకొచ్చినవాళ్ళు, పక్క దీవుల తోటల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు, అక్కడి ఆదివాసులతో కలిసిపోయారు. 1763లో పారిస్ ఒప్పందం ప్రకారం దీవి బ్రిటిష్‌వాళ్ళకు దక్కింది. దక్కింది అంటే కాగితం మీద. చెరకు పండే మంచి నేల అంతా వీళ్ళ చేతుల్లో ఉంది. మొదటి యుద్ధం 1773లో ఒప్పందంతో ముగిసింది. రెండో యుద్ధం 1795లో మొదలైంది. వాళ్ళ నాయకుడు జోసెఫ్ చటోయర్, గరిఫునాలు సాటుయే అంటారు, ఆ ఏడాది మార్చి 14న చనిపోయాడు. ఆయన పోయాక కూడా ఏడాదికి పైగా పోరాడి 1796లో లొంగిపోయారు.

ఆ తర్వాత జరిగింది వినండి. లొంగినవాళ్ళను ఒంటి రంగు చూసి విడదీశారు. కాస్త పసుపు ఛాయ ఉంటే ఆదివాసి, దీవిలో ఉండొచ్చు. నల్లగా ఉంటే వెళ్ళిపోవాలి. ఒకే ఇంటివాళ్ళే, ఒకే భాషే. నాలుగు వేలకు పైగా మందిని బాలిసో అనే చిన్న దీవిలో పడేశారు. అక్కడ తాగడానికి సరైన నీళ్ళు లేవు. కొద్ది నెలల్లో జ్వరాలతో దాదాపు సగం మంది చచ్చిపోయారు. మిగిలిన రెండు వేల పైచిలుకు మందిని ఓడల్లో ఎక్కించి, 1797 ఏప్రిల్ 12న హోండురాస్ తీరానికి దగ్గరలోని రోవతాన్ దీవిలో దింపేశారు. అక్కడి నుంచి వాళ్ళు తీరం పొడుగునా పాకి, ఇవాళ హోండురాస్, గ్వాటెమాలా, బెలీజ్, నికరాగువా నాలుగు దేశాల్లో ఉన్నారు. ఇప్పుడు అమెరికాలోనూ ఉన్నారు, ముఖ్యంగా మా బ్రాంక్స్‌లో. 1990 మార్చి 25న బ్రాంక్స్‌లో హ్యాపీ ల్యాండ్ అనే క్లబ్బు తగలబడి 87 మంది చనిపోయిన సంగతి పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. వాళ్ళలో చాలామంది గరిఫునాలే. మన పేపర్లలో హోండురాస్ వలసదారులు అని వచ్చింది, అంతే. పోయాక కూడా పేరు దక్కలేదు.

ఇంక సినిమాల దగ్గరికి వస్తాను.

2009లో నా సహోద్యోగిని నాకొక డీవీడీ ఇచ్చింది. 'ద గరిఫునా జర్నీ'. ఆండ్రియా లేలాండ్, కాథీ బెర్గర్ అనే ఇద్దరు స్త్రీలు 1998లో తీసిన డాక్యుమెంటరీ. ఇవాళ మనం చూడబోయేది అదే. బెలీజ్‌లో తీశారు. ముప్పావుగంట పైన కొంచెం.

మొదటిసారి చూసినప్పుడు నాకు అంతగా నచ్చలేదని చెప్పడానికి మొహమాటం లేదు. సముద్రం, కొబ్బరి చెట్లు, డోలు, నవ్వే ముసలమ్మలు. అంతా తియ్యగా ఉంది. పండగ సినిమా అనుకున్నాను. మన దూరదర్శన్‌లో పూర్వం జానపద కళల మీద చూపించేవారే, వెనక నుంచి గంభీరమైన గొంతు "ఈ కళ కనుమరుగు కాకుండా కాపాడుకోవలసిన బాధ్యత మనందరిపైనా ఉంది" అంటుండగా ముందు పాపం కళాకారుడు చెమటోడుస్తూ ఉంటాడే, ఆ రకం అనుకున్నాను.

రెండోసారి చూశాక తెలిసింది, ఆ గంభీరమైన గొంతు ఇందులో లేదని. వ్యాఖ్యాత లేడు. చరిత్ర చెప్పేదీ, వంట చెప్పేదీ, పూజ చెప్పేదీ గరిఫునాలే. వాళ్ళు చెప్పిన మేరకే మనకు తెలుస్తుంది. తీసినవాళ్ళు బయటివాళ్ళే, కానీ మాట లోపలివాళ్ళది. ఇది చిన్న విషయం కాదు. వీళ్ళ గురించి 1998కి ముందు రెండు వందల ఏళ్ళుగా ప్రపంచం చదివినదాంట్లో ఎక్కువ భాగం బ్రిటిష్ తోటల యజమానులూ, అధికారులూ, పాద్రీలూ, ఆ తర్వాత పరిశోధకులూ రాసింది.

అందులో కర్రపెండలం రొట్టె చేసే ఘట్టం ఒకటి ఉంది. దాన్ని ఎరెబా అంటారు. మన పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం చేసే దుంపే ఇది కూడా, కాకపోతే వీళ్ళు వాడే రకంలో విషం ఉంటుంది. పచ్చిగా తింటే ప్రాణం మీదికి వస్తుంది. ముందు రాళ్ళు పొదిగిన చెక్క మీద దుంపను కోరతారు. ఆ తురుమును పాములా పొడుగ్గా అల్లిన ఒక సంచీలో కూరుతారు. దాని పేరు రుగుమా. దాన్ని వేలాడదీసి కింద బరువు కట్టి లాగితే సంచీ సన్నబడి విషపు రసం అంతా కారిపోతుంది. మిగిలిన పిండిని జల్లించి, మన పెనానికి నాలుగింతలుండే పెనం మీద పలచగా కాలుస్తారు. నెలల తరబడి నిలవుంటుంది. పని అంతా ఆడవాళ్ళదే, పాటలు పాడుకుంటూ చేస్తారు. ఈ రొట్టెను చూస్తుంటే నాకు బాలిసో గుర్తొచ్చింది. అంత చావు చూసి, ఇంకో దేశపు ఒడ్డున దిగినవాళ్ళ తలల్లో ఈ విద్య మిగిలింది. విషం తీసే విద్య, ఆ సంచీ అల్లే విద్య. ఓడలో వాళ్ళతో వచ్చిన ఆస్తి ఇదే.

ఇంకో ఘట్టంలో గుడి కప్పు వేయడం, కొలుపు కనిపిస్తాయి. డుగు అంటారు. చనిపోయిన పెద్దలకు పెట్టే కొలుపు. బుయెయ్ అనే పూజారి నడిపిస్తాడు, ఆడవాళ్ళు కూడా బుయెయ్‌లు అవుతారు. రోజుల తరబడి డోళ్ళు మోగుతాయి, పెద్దలు ఒంటి మీదికి వస్తారు, వాళ్ళకు ఇష్టమైనవి వండి పెడతారు. మన వైపు పోలేరమ్మ కొలుపు చూసినవాళ్ళకు కొత్తగా ఏమీ అనిపించదు. ఇందులో నన్ను పట్టుకున్న విషయం వేరే. పెద్దలు కబురు పెడితే న్యూయార్క్‌లో ఉన్న మనవడైనా, లాస్ ఏంజిలిస్‌లో ఉన్న మనవరాలైనా సెలవు పెట్టి, టికెట్టు కొనుక్కుని వెళ్ళాల్సిందే. వెళ్ళకపోతే కొలుపు పూర్తి కాదు. నా సహోద్యోగిని రెండుసార్లు వెళ్ళింది. సూపర్‌వైజరుకు ఏం కారణం రాశావమ్మా అంటే, "కుటుంబ అత్యవసరం అని రాశాను, అబద్ధం ఏముంది?" అంది.

బెలీజ్ వాళ్ళ పండగ సంగతి కూడా చెప్పాలి. నవంబరు 19 గరిఫునాలు అక్కడి తీరానికి వచ్చిన రోజు. తెల్లవారుజామున పడవల్లో మొక్కలూ డోళ్ళూ పెట్టుకుని సముద్రంలోకి వెళ్ళి, మళ్ళీ ఒడ్డుకు వచ్చి దిగుతారు. 1832లో దిగినట్టే. ఇది అనాదిగా వస్తున్న ఆచారం అనుకుంటాం గానీ, టి.వి. రామోస్ అనే ఉపాధ్యాయుడు 1941లో పట్టుబట్టి మొదలుపెట్టింది. అప్పటికి గరిఫునా పిల్లలు బడిలో తమ భాష మాట్లాడడానికి సిగ్గుపడే కాలం. వలస పాలకుల దగ్గర సెలవు సాధించాడు. 1977 నుంచి అది దేశమంతటికీ సెలవు. కాబట్టి పండగ అంటే ఉత్త వేడుక అని తోసేయకూడదు. రామోస్‌కు అది రాజకీయ కార్యక్రమం. నేను డీవీడీ మొదటిసారి చూసి తియ్యగా ఉంది అనుకున్నది నా తొందరపాటే.

అయినా సినిమా మీద ఒక ఫిర్యాదు మిగిలే ఉంది. నేల గురించి అది చెప్పేది తక్కువ. అందుకు వేరే సినిమాలు చూడాలి.

2012లో 'గరిఫునా ఇన్ పెరిల్' వచ్చింది. డాక్యుమెంటరీ కాదు, కథాచిత్రం. రూబెన్ రేయెస్, అలీ అల్లియే కలిసి తీశారు. మాటలు చాలావరకు గరిఫునా భాషలోనే. రేయెసే ముఖ్యపాత్ర వేశాడు. లాస్ ఏంజిలిస్‌లో ఉండే ఒక గరిఫునా భాషా ఉపాధ్యాయుడు హోండురాస్‌లోని తన ఊళ్ళో భాష నేర్పే బడి కట్టాలనుకుంటాడు. అక్కడికేమో టూరిస్టు రిసార్టు ముందుకు జరుగుతోంది. బడికి నేల కావాలి, రిసార్టుకూ అదే నేల కావాలి. నటన అక్కడక్కడా తేలిపోయిందని, డబ్బు చాలక తీశారని తెలిసిపోతూనే ఉంటుంది. కానీ భాష వేరు, నేల వేరు కాదన్న సంగతిని ఇంత సూటిగా చెప్పిన సినిమా నేను ఇంకోటి చూడలేదు.

అది కల్పన కాదా అంటే, హోండురాస్ ఉత్తర తీరంలో ట్రియున్ఫో దె లా క్రూస్ అనే గరిఫునా ఊరు ఉంది. ఊరి ఉమ్మడి భూమి టూరిజం పేరు మీద చేతులు మారిపోతుంటే అక్కడివాళ్ళు అంతర్ అమెరికా మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్ళారు. 2015 అక్టోబరులో కోర్టు హోండురాస్ ప్రభుత్వానిదే తప్పు అని, ఊరివాళ్ళ ఉమ్మడి ఆస్తి హక్కును ఉల్లంఘించిందని తీర్పు ఇచ్చింది. గెలిచారు. తీర్పు అమలు కోసం అడుగుతూనే ఉన్నారు. 2020 జూలై 18న పోలీసు దుస్తులు వేసుకున్న మనుషులు ఆ ఊళ్ళోకి వచ్చి, ఊరి నాయకుడు స్నైడర్ సెంటేనోతో సహా నలుగురు గరిఫునాలను ఎత్తుకుపోయారు. వాళ్ళు తిరిగి రాలేదు. గరిఫునా భాష, నృత్యం, సంగీతం మానవాళి వారసత్వంలో మేటి అని యునెస్కో ప్రకటించింది 2001లో. పత్రం ఇచ్చిన లోకానికి ఆ పాట పాడే మనుషుల ఊరు గుర్తు రాదు.

మన దగ్గర డాక్టర్లు ఎక్కువ కాబట్టి ఇంకో సినిమా పేరు చెప్పి తీరాలి. 'రివల్యూషనరీ మెడిసిన్', 2013. బెత్ గెగ్లియా, జెస్సీ ఫ్రీస్టన్ తీశారు. సిరిబోయా అనే మారుమూల ఊళ్ళో గరిఫునాలు తమ మొదటి ఆసుపత్రిని తామే కట్టుకున్న కథ. క్యూబాలో ఉచితంగా డాక్టరు చదువు చదువుకుని వచ్చిన గరిఫునా యువకులు, లూథర్ కాస్టిల్లో వాళ్ళలో ముఖ్యుడు, ఊళ్ళవాళ్ళతో కలిసి ఇటుకా సిమెంటూ మోసి కట్టారు. 2007 డిసెంబరులో తెరిచారు. వైద్యం ఉచితం. 2009లో సైనిక కుట్ర జరిగాక దానికి వచ్చిన కష్టాలు సినిమాలో చూడండి. మనవాళ్ళలో సొంత ఊరికి ఏదైనా చెయ్యాలని తపన పడేవాళ్ళు చాలామంది ఉన్నారు. డబ్బు పంపడం ఒకటి. ఆసుపత్రి ఎవరి చేతుల్లో ఉండాలి అని అడగడం ఇంకోటి.

బరువైన మాటలు చాలు, నాకు ఎక్కువ ఇష్టమైన సినిమా గురించి రెండు ముక్కలు. 'త్రీ కింగ్స్ ఆఫ్ బెలీజ్', 2007, కాటియా పరడిస్. ముగ్గురు ముసలి సంగీతకారులు. ఒకరు క్రియోల్ అకార్డియన్ వాయించే విల్‌ఫ్రెడ్ పీటర్స్, ఒకరు మాయా హార్పు చేసే ఫ్లోరెన్సియో మెస్, మూడో ఆయన గరిఫునా పరండా గాయకుడు పాల్ నాబర్. ఇందులో ఏమీ జరగదు. నిజంగానే ఏమీ జరగదు, మా అబ్బాయి పావుగంటకే లేచి వెళ్ళిపోయాడు. నాబర్ చేపలు పట్టేవాడు, బుయెయ్ కూడా. తన చెల్లెలు చావుబతుకుల్లో ఉన్నప్పుడు ఆయన కట్టిన పాట ఒకటుంది, 'నగుయా నెయ్' అని. ఆమె అడిగితే కట్టాడట, ఆమె అంతిమయాత్రలో పాడాడట. సినిమాలో ఆయన చెక్క ఇల్లు, పాత గిటారు, ఒంటరితనం చూశాక ఆ పాట వింటే మనసు ఎలాగో అయిపోతుంది. 2014లో పోయాడు. ఈ సినిమా ఆయన్ను గొప్పవాడు అని ఒక్కసారి కూడా అనదు.

సంగీతం మాట వచ్చింది కాబట్టి ఆండీ పలాసియో. బెలీజ్ దక్షిణాన బారంకో అనే చిన్న ఊరివాడు. 1980లో నికరాగువా అక్షరాస్యత ఉద్యమంలో పని చేయడానికి వెళ్ళాడు. అక్కడ ఒక గరిఫునా ముసలాయనను గరిఫునా భాషలో పలకరిస్తే, ఇంత కుర్రవాడు ఈ భాష మాట్లాడతాడా అని ఆయన నమ్మలేకపోయాడట. ఆ ఊళ్ళో పిల్లలకు భాష అప్పటికే పోయింది. తన ఊరికీ ఇదే గతి పడుతుందని భయపడి పలాసియో జీవితమంతా ఆ భాషలో పాడాడు. 2007లో 'వాటినా' ఆల్బం వచ్చింది, ప్రపంచమంతా విన్నది. 2008 జనవరి 19న, 47 ఏళ్ళకే పోయాడు. ఆయన మీద వచ్చిన వీడియోలు దొరుకుతాయి, చూడండి.

చివరగా 'యూరుమెయిన్'. లేలాండే 2014లో తీసింది. మన సభకు దగ్గరి సినిమా ఇదే అనుకుంటాను, ఎందుకంటే ఇందులో సెయింట్ విన్సెంట్‌లో పుట్టి లాస్ ఏంజిలిస్‌లో స్థిరపడిన ఒక డాక్టరు గారు తన దీవికి తిరిగి వెళతారు. అక్కడ ఏముంది? తరిమేసినప్పుడు అడవుల్లో దాక్కుని మిగిలిపోయినవాళ్ళ సంతతి ఉంది. వాళ్ళకు భాష లేదు. డోలు లేదు. కరీబ్ అని పిలిపించుకోవడం తిట్టుగా భావించే రోజులు కూడా గడిచాయి. చటోయర్‌ను దేశం మొదటి జాతీయ వీరుడిగా ప్రకటించింది 2002లో. గమనించారా, సొంత నేల మీద ఉన్నవాళ్ళకు భాష పోయింది, వెళ్ళగొట్టబడినవాళ్ళకు మిగిలింది. ఇప్పుడు వెళ్ళగొట్టబడినవాళ్ళ మనవలు బెలీజ్ నుంచీ న్యూయార్క్ నుంచీ వెళ్ళి దీవి పిల్లలకు పాటలతో భాష నేర్పుతున్నారు. అందరూ కలిసి బాలిసోకు పడవలో వెళ్ళే ఘట్టం ఉంది. అక్కడ సమాధులు లేవు, పేర్లు లేవు, గడ్డి ఉంది.

నా రెండో ఫోను బావకు ఇక్కడ జవాబు చెబుతాను, వెనక వరసలో కూర్చున్నాడు. గరిఫునాలను పంపేశాక ఆ దీవి మంచి నేల చెరకు తోటలైంది. బానిసత్వం రద్దయ్యాక తోటలకు కూలీలు కావలసి వచ్చింది. 1861 జూన్ 1న ట్రావన్‌కోర్ అనే ఓడ సెయింట్ విన్సెంట్ రేవుకు చేరింది. అది మదరాసు నుంచి బయలుదేరింది. రెండు వందల యాభైకి పైగా కూలీలున్నారు అందులో. మదరాసు ప్రెసిడెన్సీ అంటే గంజాం దాకా మన కోస్తా జిల్లాలు కూడా అందులోవే కదా. 1880 వరకు ఓడలు వచ్చాయి, మొత్తం ఇంచుమించు రెండున్నర వేల మంది. వాళ్ళ సంతతి ఇప్పటికీ ఆ దీవిలో ఉంది. జూన్ 1 వాళ్ళకు ఆగమన దినం. మదరాసు నుంచి తెచ్చుకున్న భాష ఏదీ వాళ్ళ ఇళ్ళలో మిగల్లేదు, ఇంగ్లీషే. చటోయర్ మనుషులను ఖాళీ చేయించిన దీవిలోకి మన వైపు మనుషులను దింపారు బావా. వాళ్ళ గోల మనకెందుకు అన్నావు కదా.

ఇక ఒక అప్రియమైన సంగతి. మన వేదిక వచ్చే ఏడాది వార్షికోత్సవానికి ప్రవాస తెలుగువారి మీద ఒక డాక్యుమెంటరీ తీయాలనుకుంటోంది. కార్యదర్శి గారు దయతో నాకు స్క్రిప్టు పంపారు. చదివాను. ఉగాది పచ్చడితో మొదలవుతుంది, కూచిపూడితో ముగుస్తుంది, మధ్యలో పెద్ద కంపెనీల్లో పెద్ద పదవుల్లో ఉన్న మనవాళ్ళు నలుగురు మాట్లాడతారు, వెనక నుంచి ఒక గంభీరమైన గొంతు. ఆ గొంతు నాదే కావాలని కూడా రాశారు, ధన్యవాదాలు.

నేను ఆ గొంతు ఇవ్వలేను. ఉగాది పచ్చడి ఉండనివ్వండి, దాని మీద నాకు కోపం లేదు. కానీ వ్యాఖ్యాతను తీసేయండి. వీసా మీద వచ్చి ఏడేళ్ళు ఉద్యోగం చేయడానికి వీల్లేక ఇంట్లో కూర్చున్న ఇంజనీరు అమ్మాయిలు ఈ హాల్లోనే ఉన్నారు, వాళ్ళను అడగండి. పెట్రోలు బంకులో, మోటెల్లో రాత్రిపూట పని చేసే మన విద్యార్థులను అడగండి. గల్ఫ్‌లో ఉన్న అన్నదమ్ముడి డబ్బుతో చదువుకుని ఇక్కడికి వచ్చినవాళ్ళు మనలో ఉన్నారు, ఆ అన్నదమ్ముడి ఫోటో కూడా స్క్రిప్టులో లేదు. మనం కొన్న, అమ్మిన, కలిసొచ్చిన భూముల సంగతి మాట్లాడితే ఇంకా మంచిది, కానీ అక్కడి దాకా వెళితే సినిమాకు చందాలు రావని కోశాధికారి గారు ఇప్పటికే నా వంక చూస్తున్నారు.

దీని మీద వచ్చే నెల కార్యవర్గ సమావేశంలో చర్చ పెట్టమని రాతపూర్వకంగా ఇచ్చాను. ఇష్టం ఉన్నవాళ్ళు రండి, వ్యతిరేకించేవాళ్ళు తప్పకుండా రండి.

నా సహోద్యోగిని రిటైరై హోండురాస్ వెళ్ళిపోయింది. ఇవాళ సినిమా వేస్తున్నామని చెబితే, ఎవరు చూస్తారు అని అడిగింది. మావాళ్ళు అన్నాను. "మీవాళ్ళకు ఎరెబా దొరకదు కదా, చూస్తూ ఏం తింటారు?" అంది. మిరపకాయ బజ్జీలు అని చెప్పాను.

లైట్లు ఆర్పండి. పిల్లలను ముందు వరసలోకి పంపించండి, కింద అక్షరాలు చిన్నగా ఉంటాయి. రొట్టె చేసే ఘట్టం వచ్చినప్పుడు ఆ పొడుగు సంచీ కేసి చూడండి.